పాఠకుల ప్రశ్నలు: పిలుపా, తొందరా?

కొత్త సంఘం మొదలుపెట్టడం గురించి వచ్చిన ఉత్తరాలను ఈ నెల ఒకచోట చేర్చాం. రాసినవాళ్ల పేర్లు వేయడం లేదు. ఊరి పేరుకు బదులు దగ్గరి పట్నం పేరు ఇచ్చాం.

సింగరాయకొండ: అయ్యగారికి వందనాలు. నా వయసు 27. రొయ్యల చెరువుల దగ్గర సూపర్‌వైజరుగా చేస్తున్నాను. మూడు నెలల్లో మూడుసార్లు ఒకే కల వచ్చింది. మైదానం నిండా జనం కూర్చుని ఉన్నారు, నా చేతిలో బైబిలు ఉంది. ఉజ్జీవ సభల్లో ఒక దైవజనుడు నా తల మీద చేయి పెట్టి, 'నీ ద్వారా మందిరం లేస్తుంది' అన్నారు. జనవరి 1న ప్రారంభించాలని ఉంది. మా పాస్టరు గారు మాత్రం ఆగమంటున్నారు. దేవుని మాట వినాలా, మనిషి మాట వినాలా?

తమ్ముడూ, ప్రశ్న అలా వేసుకున్నారంటే జవాబు ముందే రాసిపెట్టుకున్నారన్నమాట. 'ఆగు' అన్నది మనిషి మాట, 'లేస్తుంది' అన్నది దేవుని మాట అని ఎలా తేల్చారు? సభల్లో చెప్పినాయనా మనిషే. ఆయనకు మీ ఇల్లు తెలియదు, మీ కోపతాపాలు తెలియవు. మీ పాస్టరు గారికి తెలుసు.

కలను మేం కొట్టిపారేయం. అపొస్తలుల కార్యములు 16లో పౌలుకు రాత్రి దర్శనం వచ్చింది, మాసిదోనియ మనిషి రమ్మని పిలిచాడు. అయితే ఆ అధ్యాయం నిదానంగా చదవండి. దర్శనానికి ముందు రెండు దారులు మూసుకుపోయాయి. దర్శనం తర్వాత బయలుదేరాలని నిశ్చయించుకున్నది పౌలు ఒక్కడే కాదు, అక్కడ 'మేము' అని ఉంటుంది. తీరా ఫిలిప్పీ చేరాక కలలోని మగమనిషి కనబడలేదు. ఏటి ఒడ్డున ప్రార్థనకు కూడిన ఆడవాళ్లు కనబడ్డారు. కలలో మైదానం కనిపించిందని షామియానా బుక్ చేసేవాళ్లు బోల్తా పడేది ఇక్కడే. 13వ అధ్యాయం కూడా చూడండి. బర్నబా, సౌలు అప్పటికే అంతియొకయలో ఏడాది పాటు బోధించి ఉన్నారు. ఆత్మ మాట సంఘం ఉపవాసంలో ఉండగా వచ్చింది. చేతులుంచి పంపింది కూడా ఆ సంఘమే.

కాబట్టి ముందు మీ పాస్టరు గారిని మూడే మూడు ప్రశ్నలు అడగండి. ఎందుకు ఆగమంటున్నారు? ఎంతకాలం ఆగాలి? ఆగినంతకాలం ఏం చేయాలి? ఆయన మీలోని ఒక లోపాన్ని పేరు పెట్టి చెబితే (నోటి దురుసు, అప్పు, మాట నిలబెట్టుకోకపోవడం) మీకు మొదటి పని దొరికినట్టే. మూడింటిలో ఒక్కదానికీ జవాబు లేక, 'నా సంఘం చీలుతుంది' అన్న భయమే కనిపిస్తే, మిమ్మల్ని ఐదేళ్లుగా ఎరిగిన మరో ఇద్దరు పెద్దల దగ్గరికి వెళ్లండి. ఆ వెళ్లే సంగతి ఆయనకు చెప్పే వెళ్లండి. చాటుగా వెళ్తే పిలుపు నిజమైనదైనా అనుమానం దానికి అంటుకుంటుంది.

అప్పు మాట ఎత్తాం కాబట్టి ఇంకో మాట. మూడు రూపాయల వడ్డీకి తెచ్చిన డబ్బు మీ నెత్తిన ఉంటే అది తీరేదాకా మొదలుపెట్టకండి. కానుకల సంచి మొదటిసారి నిండిన రోజే వడ్డీ వాడు గుమ్మంలో నిలబడతాడు. ఆ రోజు మీరేం చేస్తారో మీకే తెలియదు.

తర్వాత చోటు చూడాలి. నాలుగు వారాల పాటు, మీ ఆరాధన అయ్యాక, మీరు అనుకుంటున్న ఊరి చుట్టూ మూడు కిలోమీటర్ల మేర నడవండి. బైకు వద్దు, బైకు మీద పోతే గుడిసెలు కనబడవు. నోటు పుస్తకంలో ఒక్కో వాడకు ఒక్కో పేజీ పెట్టండి. ఎన్ని ఇళ్లు, ఏ పని చేసేవాళ్లు, ఏ భాష, దగ్గరి సంఘం ఎంత దూరం, అక్కడికి ఎవరు పోతున్నారు, ఎవరు పోలేకపోతున్నారు, ఎందుకు పోలేకపోతున్నారు, అన్నీ రాయండి. మన ప్రకాశం, నెల్లూరు వైపు చాలాచోట్ల తేలేది ఒకటే. పల్లెలో మూడు నాలుగు మందిరాలు, వాటి మైకులు ఒకదానికొకటి ఎదురుగా. అక్కడికి కూతవేటు దూరంలో యానాదుల కాలనీ, పట్టపుపాలెం (మత్స్యకారుల వాడ), ఇటుక బట్టీ, చీమకుర్తి వైపైతే గ్రానైటు పనికి ఒడిశా నుంచి వచ్చినవాళ్ల షెడ్లు. అక్కడికి వెళ్లి వాక్యం చెప్పేవాళ్లు ఎవరూ ఉండరు. మరొకరు వేసిన పునాది మీద కట్టనని పౌలు రోమా పత్రిక 15లో రాసింది చదివి, ఆ నోటు పుస్తకం మళ్లీ తెరవండి. నాలుగు మందిరాలున్న చోట ఐదోది పెట్టాలనిపిస్తే ఆ నాలుగింటిలో దేని మీద మీకు కోపమో చూసుకోండి.

మీ ఉత్తరంలో మాకు కలకన్నా గట్టిగా తోచింది మీ ఉద్యోగం. చెరువుల మీద పనిచేసేవాళ్లకు ఆదివారం పదింటికి తీరిక ఉండదు. మేత వేసే వేళలుంటాయి, రాత్రి ఏరేటర్ల కాపలా ఉంటుంది, రొయ్యల పట్టుబడి వస్తే రెండు రోజులు ఇల్లే కనబడదు. వాళ్లు ఏ వేళకు కూర్చోగలరో బైబిలు కాలేజీలో చదివి వచ్చినవాడికి తెలియదు, మీకు తెలుసు. పిలుపుకు ఇదీ ఒక గుర్తే. బోయపల్లెకో బెంగళూరుకో కాక, మీ పక్క చెరువు గట్టుకే పిలుస్తున్నాడేమో ఆలోచించండి.

ఆ పైన 40 వారాల పరీక్ష పెట్టుకోండి. మిమ్మల్ని రమ్మన్న ఒక్క ఇంట్లో, వారానికి ఒక్కసారి, ఒకే రోజు, గంటకు మించకుండా కూడిక పెట్టండి. పాస్టరు గారికి తెలిసే జరగాలి. మైకు వద్దు, పేరు వద్దు, కానుకల పెట్టె వద్దు, పాంప్లెట్లు వద్దు. ఒక నోటు పుస్తకం చాలు. ఎంతమంది వచ్చారన్నది చివర చూసుకోవచ్చు. మీరు జ్వరంతో పడుకున్న వారం వాళ్లు తమంతట తాము కూర్చున్నారా? ఇంట్లో తాగుడు, తగువు ఏమైనా తగ్గాయా? మీరు కాక మరొకరు వాక్యం చదివి నాలుగు మాటలు చెప్పగలుగుతున్నారా? వానపడి ముగ్గురే వచ్చిన రాత్రి కూడా మీరు సిద్ధపడి వెళ్లారా, లేక ఏదో ఒకటి చెప్పి వచ్చేశారా? 40 వారాల తర్వాత ఈ పుస్తకాన్ని పాస్టరు గారి ముందు పెట్టి, ఇద్దరూ కలిసి చదవండి. ఎనిమిది పది కుటుంబాలు, అవి మరో సంఘం నుంచి లాక్కొచ్చినవి కాకుండా ఉంటే, మీరు కాక కూడిక నడపగల మరో ఇద్దరుంటే, అప్పుడు దాన్ని సంఘం అనొచ్చని మా లెక్క.

జనవరి 1 మంచి తేదీయే. ఒంగోలు బాప్టిస్టు సంఘం 1867 జనవరి 1న ఎనిమిది మందితో ఏర్పడింది. కానీ అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జూయెట్ దొర మరి నలుగురితో కలిసి ఒంగోలు కొండెక్కి ప్రార్థన చేసింది 1854 జనవరి 1న. మధ్యలో పదమూడేళ్లున్నాయి. మీకు తేదీ కావాలంటే ఈ రెండోదాన్ని తీసుకోండి.

కావలి: మా ఆయన ఎలక్ట్రీషియన్. సేవకు పిలుపు వచ్చిందని, వచ్చే నెల నుంచి పని మానేసి విశ్వాసంతో బతుకుదామంటున్నారు. పిల్లలు ఇద్దరు, పెద్దది తొమ్మిదో తరగతి. నాకైతే ఏ పిలుపూ రాలేదు. నా అవిశ్వాసమే అడ్డు అంటున్నారు. నేను పాపం చేస్తున్నానా?

లేదమ్మా. ఇంటి ఖర్చు గురించి అడగడం అవిశ్వాసం కాదు. గోపురం కట్టదలచినవాడు ముందు కూర్చుని ఖర్చు లెక్క చూసుకోవాలని లూకా 14లో చెప్పింది ప్రభువే.

ఆయనతో కలిసి ఒక కాగితం మీద లెక్క వేయండి. ఉదాహరణకు 15 కూలి కుటుంబాలు వచ్చాయనుకుందాం. ఇంటికి వారానికి సగటున 70 రూపాయలు కానుక పడితే నెలకు 4,200. హాలు అద్దె 4,000, కరెంటు 600, ప్రభువు బల్ల ఖర్చు, చాపలు, చీపుర్లు 400, అన్నీ కలిపి 5,000. అంటే మీ ఇంట్లో పొయ్యి వెలిగించకముందే 800 లోటు. మీ ఇంటి ఖర్చు 16,000 అనుకుంటే నెలకు 16,800 ఎక్కడి నుంచో రావాలి. అంకెలు మీవి వేసుకోండి, లెక్క వేసే తీరు మాత్రం ఇదే. 15 కుటుంబాలు మొదటి నెలలోనే రావు కూడా.

ఆ లోటు దగ్గరే సేవ చెడుతుంది. లోటు పూడ్చుకోవడానికి కొత్తగా వచ్చినవాళ్లలో డబ్బున్నవాడి ఇంటికే ఎక్కువసార్లు పోవడం మొదలవుతుంది. ప్రసంగాల్లో దశమభాగం మాట పెరుగుతుంది. ప్రతి పుట్టినరోజుకూ కృతజ్ఞత కూడిక, ప్రతి కూడికకూ కవరు. ఇదంతా దుర్మార్గుడు కాక, అద్దె కట్టలేని మంచివాడు చేసే పని.

పౌలు కొరింథులో డేరాలు కుట్టాడు. మీ ఆయన వైరింగు పని చేస్తూ సేవ చేయవచ్చు. మా సలహా: సంఘం ఇచ్చేది మీ ఇంటి ఖర్చులో సగానికి చేరేదాకా పని పూర్తిగా మానవద్దు. కావాలంటే వారంలో రెండు రోజులు తగ్గించుకోవచ్చు. మీ పాత సంఘం పంపుతున్నట్టయితే నెలకు ఎంత ఇస్తుంది, ఎన్ని నెలలు ఇస్తుందన్నది కాగితం మీద ఉండాలి. 'చూస్తాంలే బ్రదర్' అన్నది లెక్కలోకి రాదు.

మీకు పిలుపు రాలేదన్న మాట అసలైనది. దాన్ని దాచకండి. మొదటి తిమోతి 3లో అధ్యక్షుడు తన ఇంటిని చక్కగా ఏలువాడై ఉండాలని ఉంది. భార్యను నోరు మూయించి పెట్టిన సంఘం ఆ కొలతకు నిలవదు. ఒకటి మాత్రం చూసుకోండి. మీకు నచ్చనిది సేవా, లేక పాస్టరు భార్యగా 'అమ్మగారి' బతుకా? రెండూ ఒకటి కావు. వేళాపాళా లేకుండా వచ్చేవాళ్లకు అన్నం పెట్టడం, రాత్రి పదకొండింటికి మొగుడు కొట్టాడని తలుపు తట్టే మనిషిని లోపలికి తీసుకోవడం, మీ చీర గురించి కూడా సంఘంలో మాట్లాడుకోవడం, ఇవన్నీ అమ్మగారి నెత్తిన పడతాయి. వీటిలో ఏది చేస్తారో, ఏది చేయరో ఆయనకు ముందే చెప్పండి. 'స్త్రీల కూడిక నడుపుతాను, వంట మాత్రం నావల్ల కాదు' అనడం తప్పేమీ కాదు. పిల్లల ఫీజు, ఇంటి అద్దె, చీటీ వాయిదాలకు ఆరు నెలల డబ్బు మీ పేరున బ్యాంకులో పడ్డాక, ఈ ప్రశ్న ఇద్దరూ మళ్లీ ఉపవాసం ఉండి మాట్లాడుకోండి.

ఒంగోలు: సంఘానికి ఏ పేరు పెడితే బాగుంటుంది? బోర్డు ఎంత సైజు?

ఊరి పేరు పెట్టండి. 'అంతర్జాతీయ' అన్న మాట 30 మందికి నప్పదు. బోర్డు సైజు ప్రింటింగ్ షాపు వాళ్లు చెబుతారు.

పొదిలి: మాది నూరేళ్లు దాటిన సంఘం. కమిటీ ఎన్నికల్లో గొడవలై 12 కుటుంబాలు బయటికి వచ్చాయి. నన్ను పెద్దగా ఉండి కొత్త సంఘం నడిపించమంటున్నారు. పౌలు, బర్నబా కూడా విడిపోయారు కదా, ఇది దేవుడే చేశాడని కొందరి మాట. మీరేమంటారు?

పెద్దాయనా, పౌలు, బర్నబా విడిపోయాక ఒకరు కుప్రకు పోయారు, ఒకరు సిరియ కిలికియలకు పోయారు. ఇద్దరిలో ఎవరూ అంతియొకయలో ఎదురు వీధిలో ఇంకో సంఘం తెరవలేదు. మీవాళ్లు ఎక్కడ పెడదామంటున్నారు?

మీరు చేయదగ్గ పరీక్ష ఒకటుంది. ఆ 12 ఇళ్ల పెద్దలను కూర్చోబెట్టి, కొత్త సంఘం ఎందుకు కావాలో ఒక పేజీ రాయమనండి. షరతు ఒక్కటే: అందులో పాత సంఘం మాట గానీ, పాస్టరు మాట గానీ, 'వాళ్లు' అన్న పదం గానీ రాకూడదు. పేజీ నిండితే ముందుకు మాట్లాడుకోవచ్చు. రెండు లైన్లకే కలం ఆగిపోతే అది కోపం. కోపం మీద కట్టిన సంఘం మళ్లీ ఎన్నికలు వచ్చేసరికి అదే గీత మీద చీలుతుంది. బయటికి నడవడం నేర్చినవాళ్లకు రెండోసారి నడవడం తేలిక. ఆ 12 ఇళ్లూ ఒకే కులమో ఒకే వీధో అయితే, అసలు సంగతి ఎన్నికలు కాదని మీకూ తెలుసు.

ఎవరూ ముందు అడగని ప్రశ్న ఇంకొకటి ఉంది. చనిపోతే ఎక్కడ పెడతారు? పాత సంఘం సమాధుల తోటలో చోటు సభ్యులకే. బయటికి వచ్చిన మూడో నెలలో ఎవరింట్లోనో ముసలావిడ పోతుంది. శవాన్ని గేటు దగ్గర ఆపితే ఆ గాయం రెండు తరాలు మానదు. ఏ నిర్ణయానికైనా ముందు ఈ విషయం పాత కమిటీతో రాతలో తేల్చుకోండి.

ఆరు నెలలు ఆగమని మా మనవి. ఈలోగా రెండు పక్షాలకూ చెందని ఒక పెద్దను పెట్టుకుని కనీసం మూడుసార్లు కూర్చోండి. అప్పటికీ విడిపోక తప్పదంటే సభ్యత్వ బదిలీ పత్రాలు అడిగి తీసుకుని వెళ్లండి. మైకు సెట్టు, కానుకల పుస్తకం, తాళాలు, స్థలంలో వాటా, ఏదీ పట్టుకెళ్లకండి. కోర్టుకు పోకండి. మీకైతే నాయకత్వం వద్దు. మిమ్మల్ని అడుగుతున్నది మీ వయసును ముందు నిలబెట్టుకోవడానికే అని మా అనుమానం.

గూడూరు: మా గృహ కూడికలో ఇప్పుడు 14 కుటుంబాలు. మాతృసంఘం చేతులుంచి పంపింది. ఒక విశ్వాసి 5 సెంట్లు ఇస్తానన్నారు, పాస్టరు గారి పేరున రాస్తే సులువంటున్నారు. ఏ కాగితాలు ముందు, ఏవి తర్వాత?

పాస్టరు గారి పేరున వద్దు. ఆయన ఎంత మంచివారైనా వద్దు. ఆయన తర్వాత అది వారసుల ఆస్తి. కొడుకుల్లో ఒకడు అమ్ముదామంటే మందిరం కోర్టులో ఉంటుంది.

ముందు సొసైటీ. ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం, 2001 కింద కనీసం ఏడుగురు కావాలి. ఆ ఏడుగురూ ఒకే ఇంటివాళ్లు కాకుండా చూడండి. పాస్టరు, భార్య, ఇద్దరు కొడుకులు, కోడళ్లు, బావమరిది అన్న జాబితా చట్టానికి సరిపోవచ్చు, సంఘానికి సరిపోదు. నిబంధనావళిని జిరాక్స్ షాపులో దొరికే నమూనా చూసి దింపకండి. అందులో 'వ్యవస్థాపక అధ్యక్షుడు జీవితకాలం' అన్న లైను ఉంటే ముందు అది కొట్టేయండి. సభ్యుడెవరు, పాస్టరును ఎవరు నియమిస్తారు, ఏ కారణంతో తొలగిస్తారు, కోరం ఎంత, సొసైటీ రద్దయితే ఆస్తి ఎవరికి పోతుంది, ఈ ఐదూ స్పష్టంగా ఉండాలి. ఏటా సర్వసభ్య సమావేశం జరిపి, 15 రోజుల్లో కమిటీ జాబితాను రిజిస్ట్రారుకు పంపాలి. చాలా సంఘాలు మొదటి ఏడాది పంపి తర్వాత మరిచిపోతాయి. గొడవ వచ్చినప్పుడు ఏ కమిటీ అసలైనదో తేలనిది అందుకే.

తర్వాత సొసైటీ పేరున పాన్, బ్యాంకు ఖాతా, రెండు సంతకాలు. కానుకలను ఆరాధన అయిన వెంటనే ఇద్దరు లెక్కపెట్టి పుస్తకంలో సంతకం చేయాలి. ఆ ఇద్దరిలో పాస్టరు ఉండకూడదు.

ఇక ఆ 5 సెంట్లు. అంటే 242 గజాలు. 20 అడుగులకు 30 అడుగుల హాలు వేస్తే 600 చదరపు అడుగులు, చాపల మీద 80, 90 మంది కూర్చుంటారు. మరుగుదొడ్డికి, బండ్లకు చోటు మిగులుతుంది. సంతోషమే, కానీ గిఫ్టు డీడు రాయించుకునే ముందు 30 ఏళ్ల ఈసీ (స్థలం మీద జరిగిన లావాదేవీల ధ్రువపత్రం) తీయించండి. అది ప్రభుత్వం ఇచ్చిన అసైన్డ్ భూమేమో, రిజిస్ట్రేషన్లు నిషేధించిన భూముల 22ఎ జాబితాలో ఉందేమో సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో చూడండి. అసైన్డ్ భూమి బదిలీకి 1977 చట్టం అడ్డు రావచ్చు. పిత్రార్జితమైతే దాత పిల్లల సంతకాలు, ఆడపిల్లలవి కూడా, తీసుకోండి. తండ్రి భక్తితో ఇచ్చిన స్థలం కోసం కూతురు కేసు వేస్తే తప్పు కూతురిది కాదు. పోరంబోకులో, కాలువ గట్టు మీద ఎవరు ఎంత ధైర్యం చెప్పినా కట్టవద్దు. ప్రార్థనా మందిరానికి ఇంటి ప్లాను అనుమతి చాలదు. ఏయే అనుమతులు కావాలో పంచాయతీ కార్యదర్శిని రాతపూర్వకంగా అడిగి, జవాబు రాతలోనే తీసుకోండి. 'ఇల్లు అని రాసి కట్టేద్దాం' అనే మేస్త్రీ మాట వినకండి. ఫిర్యాదు వచ్చిన రోజు మేస్త్రీ కనబడడు.

అప్పటిదాకా అద్దె హాలైతే ఒప్పందంలో ప్రార్థన కూడికలకు అని రాయించండి. మైకు రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా నిషేధం. నివాస ప్రాంతంలో పరిమితి పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45. 14 కుటుంబాలకు బయట హారన్ అక్కరలేదు.

పెళ్లిళ్ల విషయం చాలామందికి తెలియదు. భారత క్రైస్తవ వివాహ చట్టం, 1872 కింద అధికారం లేదా ప్రభుత్వ లైసెన్సు లేని పాస్టరు పెళ్లి జరిపిస్తే అది జైలుశిక్ష పడే నేరం. పాస్‌పోర్టు కోసం సర్టిఫికెట్ అడిగినప్పుడు ఇబ్బంది పడేది ఆ జంట. లైసెన్సు వచ్చేదాకా, లైసెన్సున్న పాస్టరు గారిని పిలిచి జరిపించండి. మీరు ప్రసంగం చేయండి.

విదేశీ డబ్బు: ఎఫ్‌సీఆర్ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) రిజిస్ట్రేషన్ లేకుండా ఒక్క డాలరు కూడా సంఘానికి తీసుకోకూడదు, పాస్టరు సొంత ఖాతాలోకీ తీసుకోకూడదు. మామూలుగా ఆ రిజిస్ట్రేషన్‌కు సంస్థ పెట్టి మూడేళ్లు కావాలి, ఆ మూడేళ్లలో 15 లక్షలు ఖర్చు చూపాలి. డబ్బు ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖ ఖాతాలోకే రావాలి. రిజిస్ట్రేషన్ ఉన్న మరో సంస్థ తన ఖాతా నుంచి మీకు మళ్లించడం కూడా 2020 సవరణ తర్వాత కుదరదు. అయితే కువైట్‌లో పనిచేస్తున్న మీ సంఘం చెల్లెలు భారత పౌరురాలైతే, తన జీతంలోంచి బ్యాంకు ద్వారా పంపే కానుక విదేశీ విరాళం కిందికి రాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్న అన్నయ్య పంపితే వస్తుంది. ఈ తేడా గోడ మీద రాసిపెట్టుకోండి.

ఆత్మకూరు: యానాదుల కాలనీలో పని మొదలుపెట్టాలని భారం. ముందు బియ్యం, దుప్పట్లు పంచి దగ్గరవుదామనుకుంటున్నాం. కొందరు బాప్తిస్మానికి కూడా సిద్ధం.

బియ్యం చేతబట్టుకుని బాప్తిస్మం మాట ఎత్తవద్దు. 1876–78 కరువులో ఒంగోలు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొన్ని మైళ్ల కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో ఉన్నవాళ్లకు కూలి దొరికేలా చేశాడు. జనం బాప్తిస్మం అడుగుతున్నా, సహాయం నడిచినంతకాలం, సుమారు పదిహేను నెలలు, ఇవ్వలేదు. తిండి కోసం వచ్చారన్న మాట రాకూడదని. సహాయం ఆగిపోయాక కూడా వాళ్లు వచ్చారు. 1878 జూలై 3న గుండ్లకమ్మలో వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం జరిగింది. మన జిల్లాల్లో ఈ అంకెను అందరూ చెబుతారు, ఆ పదిహేను నెలలను చెప్పరు.

సహాయం చేయాలంటే చేయండి. కాలనీలో ప్రతి ఇంటికీ, ఆదివారం కాని రోజున, ప్రార్థన లేకుండా, ఫొటో లేకుండా. దుప్పటికన్నా వాళ్లకు కావలసింది ఆధార్, రేషన్ కార్డు, కులపత్రం, పిల్లల బడి అడ్మిషన్. మీసేవ చుట్టూ తిరగడానికి తోడు వెళ్లండి. సహాయానికీ బాప్తిస్మానికీ మధ్య కనీసం ఆరు నెలలు ఉంచండి. దేవాలయ ప్రాంగణాల్లో, వాటి చుట్టూ ప్రకటించిన పరిధిలో అన్యమత ప్రచారాన్ని 2007 నాటి రాష్ట్ర చట్టం నిషేధిస్తుంది. ఆ గీత దాటకండి.

బాప్తిస్మానికి ముందు కులపత్రం సంగతి దాచకుండా చెప్పాలి. ఎస్టీ హోదాకు మతంతో పని లేదు, కాబట్టి యానాదులకు అది పోదు. ఎస్సీల విషయం వేరు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు హిందూ, సిక్కు, బౌద్ధులకే వర్తిస్తుంది. క్రైస్తవులుగా మారినవారు మన రాష్ట్రంలో బీసీ-సి కిందికి వస్తారు. పాస్టరుగా పనిచేస్తున్న వ్యక్తికి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల చట్టం రక్షణ ఉండదని రాష్ట్ర హైకోర్టు 2025లో తీర్పు ఇచ్చింది. ఇది న్యాయమా కాదా అన్నది వేరే వాదం. తెలియక మునిగి, ఉద్యోగం దగ్గర తెలుసుకోవడం మాత్రం అన్యాయం.

మీరు చెప్పిన భారం గురించి ఒక్క ప్రశ్న. ఆ కాలనీలో వాళ్ల కంచంలో మీరు అన్నం తిన్నారా? మీ ఇంటావిడ తిన్నారా? రేపు ఆ పిల్లలు మీ వంటింట్లోకి వస్తారా? జవాబు తడబడితే పని వాయిదా వేసుకోండి. వాళ్లు పసిగడతారు.

కనిగిరి: రెండేళ్లుగా కష్టపడుతున్నాను. నాలుగే కుటుంబాలు. సంక్రాంతి వెళ్తే అందులో మూడు కుటుంబాలు వలసపోతాయి. పిలుపు కాదేమో అనిపిస్తోంది. ఆపేయనా?

అమెరికన్ బాప్టిస్టు మిషనరీ డే దొర నెల్లూరు చేరింది 1840లో. 1853 నాటికి ఫలితం లేదని ఆ మిషన్ మూసేయాలా అని అమెరికాలో చర్చ జరిగింది. ఆ తర్వాత ఒంగోలుకు పడమటి పల్లెల్లో ఎర్రగుంట్ల పేరయ్య అనే స్థానిక విశ్వాసి తన బంధువర్గంలో తిరిగి చెప్పాకే కదలిక వచ్చింది. అయితే వాళ్లకు జరిగింది కాబట్టి మీకూ జరుగుతుందని మేం చెప్పం. అలా చెప్పి మనుషులను ఇరవై ఏళ్లు అప్పుల్లో ఉంచినవాళ్లున్నారు.

ఆలస్యం ఊరిదా, మీదా అన్నది చూడండి. వలస ఊరి సంగతి. పడమటి మండలాల్లో నీళ్లు లేనప్పుడు ఎవరైనా పోతారు. వాళ్లు ఏ ఊరికి, ఏ బట్టీకి, ఏ మేస్త్రీ కింద పోతున్నారో రాసుకున్నారా? అక్కడి దగ్గరి సంఘానికి ఫోన్ చేసి అప్పగించారా? వారానికోసారి రాత్రి ఎనిమిదింటికి ఫోన్‌లో పావుగంట ప్రార్థన జరుగుతోందా? ఇవి జరుగుతుంటే మీ సంఘం చిన్నదేమీ కాదు, మూడు ఊళ్లలో ఉంది.

ఆపేయవలసిన గుర్తులు వేరే ఉన్నాయి. రెండేళ్లలో మీ అప్పు పెరిగి ఉండటం, ఇంట్లో మాటలు తగ్గిపోవడం, స్థానికుల్లో ఒక్కరు కూడా వాక్యం చదివే స్థితికి రాకపోవడం, మిమ్మల్ని పంపిన సంఘం అడిగితే మీరు లెక్క చూపలేకపోవడం. వీటిలో రెండు ఉంటే ఆపండి. ఆపడమంటే బోర్డు పీకేసి పోవడం కాదు. నాలుగు కుటుంబాలకూ మూడు నెలల ముందు చెప్పాలి, దగ్గరి పాస్టరు గారిని ఇంటింటికీ తీసుకెళ్లి పరిచయం చేయాలి, మిగిలిన డబ్బుకు లెక్క చదివి వినిపించాలి.

ఆ గుర్తులు లేకపోతే ఇలా చేయండి. వలసపోని నాలుగో ఇంట్లో చదువు వచ్చినవాళ్లు ఎవరున్నారు? పదో తరగతి ఆడపిల్ల అయినా సరే. సంక్రాంతి తర్వాత నాలుగు వారాలు వాక్యం ఆ పిల్ల చేత చదివించి, మీరు చాప చివర కూర్చోండి. ఐదో వారం మళ్లీ రాయండి.